కంప్యూటరు ఇంటి నంబరు మారితే?

మీ వీధిలో కొన్ని గుమ్మాలపై 'పాత నం.', 'కొత్త నం.' అని రెండేసి అంకెలు చూచే ఉంటారు. నంబర్లు మార్చిన కొత్తలో పోస్ట్‌మాన్ పడే అవస్థ కూడా ఎరుగుదురు!

నెట్‌వర్కులోని కంప్యూటర్లకూ ఇటువంటి చిరునామాలుంటాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు 36తో మొదలయ్యే చిరునామాలన్నీ, అంటే 1,67,77,216 కేటాయించారు. ఒక్క విశ్వవిద్యాలయంలో అన్ని కంప్యూటర్లుంటాయా చెప్పండి? 2000లో వాటిని తిరిగి ఇచ్చివేసింది. అందుకోసం అక్కడి కంప్యూటర్లకు కొత్త అంకెలు వేయవలసి వచ్చింది.

ఒక కంప్యూటరు అంకె మార్చటం ఇంజనీరుకు నిమిషాల పని. మరి ఎప్పుడు మార్చాలి? అర్ధరాత్రి అనుకుందాం. ఆ వేళ ప్రయోగశాలలో ఒక యంత్రం మూడు రోజులుగా కొలతలు తీసి, పక్క భవనంలోని కంప్యూటరుకు పంపుతూ ఉండవచ్చు. పాత చిరునామాకు పోయిన కొలత ఎవరికీ అందదు. ప్రయోగం మళ్లీ మొదటికి! ఈ సంగతి ఇంజనీరుకెలా తెలుస్తుంది?

అందుకే నెట్‌వర్కు మార్పులకు చాలా విశ్వవిద్యాలయాలు సలహా సంఘాన్ని నియమిస్తాయి. ఆచార్యులు, గ్రంథాలయంవారు, కొన్నిచోట్ల విద్యార్థులూ అందులో ఉంటారు. వీరు తీగలు ముట్టుకోరు. ఏ భవనాన్ని ఏ రోజున ఆపవచ్చో, ఏది ఆపరాదో చెబుతారు. దీనివల్ల పని ఆలస్యమవుతుందనేవారున్నారు. అవుతుంది, కాదనను. అయినా మూడు రోజుల కొలతలు పోగొట్టుకోవటంకంటే అదే నయం గదా! కొంతకాలం పాత, కొత్త చిరునామాలు రెండూ పనిచేసేటట్లు ఉంచమని కూడా సంఘం అడగవచ్చు, మీ వీధి గుమ్మాలమీద లాగానే.