విశ్వవిద్యాలయాల్లో పర్యావరణ దినోత్సవాలు: ఉపన్యాసాల నుంచి ఆచరణకు

(ప్రత్యేక వ్యాసం)

వాతావరణ మార్పు, స్వచ్ఛ ఇంధనం, పర్యావరణ పరిరక్షణ అంశాలపై దేశంలోని విశ్వవిద్యాలయాలు ఏటా సదస్సులు, అవగాహనా ర్యాలీలు, మొక్కలు నాటే కార్యక్రమాలు నిర్వహిస్తున్నాయి. ఈ దినోత్సవాల నేపథ్యాన్ని, వాటి వలన ఒనగూరవలసిన ప్రయోజనాన్ని, ఆ ప్రయోజనాన్ని లెక్కించే విధానాన్ని పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

విద్యా ప్రాంగణాల్లో పుట్టిన ఉద్యమం

1969 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటా బార్బరా తీరంలో భారీగా చమురు సముద్రంలో కలిసింది. ఈ ఘటనతో చలించిన సెనేటర్ గేలార్డ్ నెల్సన్, కళాశాలల్లో పర్యావరణంపై బోధనా సదస్సులు జరపాలని ప్రతిపాదించారు. విద్యార్థులకు వసంతకాలపు సెలవులకు, వార్షిక పరీక్షలకు నడుమ వీలుగా ఉండునట్లు 1970 ఏప్రిల్ 22వ తేదీని ఎంచుకున్నారు. అదే తొలి ధరిత్రీ దినోత్సవం. సుమారు రెండు కోట్ల మంది అందులో పాల్గొన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆ దేశంలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పాటు కావడం, స్వచ్ఛ వాయు చట్టం పటిష్ఠం కావడం గమనార్హం. విద్యార్థుల సభలు చట్టాలకు దారి తీయగలవనడానికి ఇది నిదర్శనం.

ముఖ్య దినోత్సవాలు

1972 జూన్ 5న స్టాక్‌హోమ్‌లో ప్రారంభమైన ఐక్యరాజ్యసమితి సదస్సుకు గుర్తుగా 1973 నుంచి ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరుగుతోంది. ఓజోన్ పొర రక్షణకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరిన సెప్టెంబరు 16వ తేదీని ఓజోన్ దినోత్సవంగా పాటిస్తున్నారు. మన దేశంలో డిసెంబరు 14న ఇంధన పొదుపు దినోత్సవం, 2004 నుంచి ఆగస్టు 20న అక్షయ ఊర్జా దినోత్సవం నిర్వహిస్తున్నారు.

బోధన తప్పనిసరి

పర్యావరణ విద్య విశ్వవిద్యాలయాల ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు అన్ని స్థాయిల్లో పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని నిర్దేశించింది. తదనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. ఏడాదిలో జరిగే దినోత్సవాలు ఈ పాఠానికి ఆచరణ రూపం కావలసి ఉంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను నగరంలోని పచ్చదనాన్ని తుడిచిపెట్టింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్ ప్రాంగణంలోనూ చెట్లు పెద్దసంఖ్యలో నేలకూలాయి. 2015 వేసవిలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా మరణించారు. మృతుల్లో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువ. ఇటువంటి పరిస్థితుల్లో నీడనిచ్చే చెట్టు, చల్లని పైకప్పు, ముందస్తు హెచ్చరిక ప్రాణాలను నిలిపే సాధనాలు.

ప్రాంగణమే ప్రయోగశాల

విశ్వవిద్యాలయానికి విశాలమైన పైకప్పులు, పగటి వేళ విద్యుత్ అవసరం, కొలిచి లెక్కగట్టగల విద్యార్థులు ఉంటారు. సౌర విద్యుత్తుకు ఈ మూడూ అనుకూలమే. ఒక కిలోవాట్ సౌర ఫలకాలకు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని స్థలం కావాలి. మన ప్రాంతంలో అవి రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. ఆ లెక్కన వెయ్యి చదరపు మీటర్ల పైకప్పుపై 100 కిలోవాట్ల కేంద్రం ఏడాదికి సుమారు 1.46 లక్షల యూనిట్లు ఉత్పత్తి చేయగలదు. ప్రధానంగా బొగ్గుపై ఆధారపడిన గ్రిడ్ విద్యుత్తులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందనుకుంటే, ఏటా వంద టన్నుల ఉద్గారం తగ్గుతుంది. అయితే ఫలకాలపై దుమ్మును ఎప్పటికప్పుడు శుభ్రపరచని పక్షంలో ఉత్పత్తి పడిపోతుంది.

పొదుపు చేసిన యూనిట్ ఉత్పత్తి చేసిన యూనిట్‌తో సమానం. 75 వాట్ల పాత ఫ్యాన్ల స్థానంలో 35 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు వెయ్యి అమర్చి, రోజుకు 10 గంటల చొప్పున 200 రోజులు వాడితే 80 వేల యూనిట్లు ఆదా అవుతాయి. శీతల యంత్రాన్ని 24 డిగ్రీల వద్ద ఉంచడం ఖర్చు లేని పొదుపు.

కార్యక్రమ నిర్వహణలోనూ జాగ్రత్త అవసరం. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల కంటే పలుచని బ్యానర్లు దేశవ్యాప్తంగా నిషిద్ధం. పర్యావరణ సభలోనే ఇవి కనిపిస్తే సభ ఉద్దేశం నెరవేరదు.

ఫలితాల పరిశీలన

కార్యక్రమాలను పరిశీలించే అధికారులు, వార్తలు రాసే పాత్రికేయులు ఈ క్రింది అంశాలపై వివరాలు కోరడం ప్రయోజనకరం:

* నిరుడు నాటిన మొక్కల్లో ఎన్ని బ్రతికి ఉన్నాయి? వేసవిలో నీరు పోసే బాధ్యత ఎవరిది?
* ఏడాదిలో విద్యుత్ వినియోగం ఎన్ని యూనిట్లు తగ్గింది?
* సౌర ఫలకాలు అంచనా మేరకు ఉత్పత్తి చేస్తున్నాయా?
* వసతి గృహాల తడి చెత్త ఎరువుగా మారుతోందా?
* సదస్సుల తీర్మానాల్లో అమలైనవి ఎన్ని?

నాటిన మొక్కల సంఖ్య కంటే నిలిచిన చెట్ల సంఖ్య, చేసిన ప్రసంగాల కంటే తగ్గిన యూనిట్ల సంఖ్య ముఖ్యం. ఈ లెక్కలను విద్యార్థులే సేకరించి ఏటా ప్రకటించినట్లయితే దినోత్సవాల లక్ష్యం సార్థకమవుతుంది.