నెత్తి పలచబడితే మందు ఏం చేస్తుంది?



మగవాళ్ళ బట్టతల గురించి ఆడవాళ్ళతో మాటలేమిటని నవ్వుకుంటున్నారేమో! దిండు మీద రాలిన వెంట్రుకలు వాళ్ళకంటే ముందు కనబడేది మనకే కదండీ. సంబంధాలు చూసేటప్పుడు 'పిల్లవాడికి నుదురు కాస్త విశాలం' అని సర్దిచెప్పేదీ మనమే.

కారణం మాత్రం ఇంటికొకటి చెప్తారు. గోదావరిఖని, మందమర్రి వైపు 'బాయిల టోపీ పెట్టి పెట్టి ఊడింది' అంటారు. దుబాయి, మస్కట్ వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో 'అక్కడి నీళ్ళు పడలేదు' అంటారు. ఇక్కడే ఉన్నవాళ్ళు బోరు నీళ్ళను ఆడిపోసుకుంటారు. నీళ్ళకే అంత శక్తి ఉంటే చెవుల పక్క జుట్టు, మెడ మీద జుట్టు కూడా పోవాలి గదా! అది పోదు. నుదుటికి రెండు పక్కలా, నడినెత్తినా మాత్రమే పలచబడుతుంది.

మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే హార్మోను ఉంటుంది. ఒక ఎంజైము దానిలో కొంత భాగాన్ని డి.హెచ్.టి. అనే మరింత బలమైన హార్మోనుగా మారుస్తుంది. కొందరికి పుట్టుకతోనే నడినెత్తి మీది కుదుళ్ళు దీనికి తట్టుకోలేవు. వెంట్రుక రాలి మళ్ళీ మొలిచిన ప్రతిసారీ కుదురు కాస్త చిన్నదవుతుంది. వెంట్రుక సన్నబడి, పొట్టిదై, చివరికి నూగులా మిగులుతుంది. వేములవాడలో గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందంటారు. మొక్కు మొక్కే గాని, కత్తి తిరిగేది చర్మం మీద, కుదురుండేది లోపల.

'మేనమామ పోలిక' అన్నమాట సగం నిజం. ఈ హార్మోనును పట్టుకునే జన్యువు కొడుక్కి తల్లి నుంచే వస్తుంది. కాని తండ్రి వైపు జన్యువులకూ ఇందులో పాలుంది. ఒక్క మన పుట్టింటినే అనడం అన్యాయం!

మందు పుట్టిన కథ ఇంకా చిత్రం. డొమినికన్ రిపబ్లిక్ దేశంలో కొన్ని కుటుంబాల్లో ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించింది. ఆడపిల్లలనుకుని పెంచిన పిల్లలు ఈడొచ్చేసరికి మగవాళ్ళుగా తేలారు. పెద్దయ్యాక వాళ్ళకు ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండిపోయింది, బట్టతలా రాలేదు. 1974లో ఈ సంగతి వైద్యలోకానికి తెలిసింది. ఆ ఎంజైమును అడ్డుకునే మందే ఫినాస్టరైడ్. అమెరికాలో 1992లో 5 మిల్లీగ్రాముల బిళ్ళను ప్రోస్టేట్ వాపుకూ, 1997లో 1 మిల్లీగ్రాము బిళ్ళను బట్టతలకూ అనుమతించారు.

రోజుకొక బిళ్ళ. మూడు నెలలైనా గడిస్తేగాని గుణం కనబడదు. ముందు రాలడం ఆగుతుంది, కొందరికి కొంత మొలుస్తుంది. ఏనాడో నున్నబడిపోయిన నెత్తి మీద ఆశ పెట్టుకోకండి. మానేస్తే ఏడాదిలోగా మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇక మనం జాగ్రత్తగా వినవలసిన మాట. నాకు తెలిసిన ఒక ఇంట్లో పెద్ద బిళ్ళ చవక అని తెప్పించి, వక్కలు కత్తిరించే అడకత్తెరతో నాలుగు ముక్కలు చేసేవారు. ఆ పని చేసేది కడుపుతో ఉన్న కోడలు! నా గుండె గుభేలుమంది. కడుపులో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ అంగాలు సరిగా ఏర్పడటానికి కావలసింది ఆ ఎంజైమే మరి. పైపూత చెదరని బిళ్ళను ముట్టుకుంటే భయం లేదు. విరిగినదీ, నలిగినదీ మాత్రం గర్భిణులు తాకనే కూడదు. 'నా జుట్టూ రాలుతోంది' అని ఆయన బిళ్ళ మీరు మింగనూ కూడదు. ఆ మందు వాడుతున్నన్నాళ్ళూ, మానిన నెల వరకూ ఆయన రక్తదానం చేయకూడదు, ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో తెలియదు గనుక.

కొద్దిమందికి దాంపత్యంలో కోరిక తగ్గుతుంది, దిగులు ఆవరిస్తుంది. ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చునని 2025లో ఐరోపా మందుల సంస్థ నిర్ధారించింది. మగవాళ్ళు ఇవి నోరు విప్పి చెప్పరు. మనిషిలో మార్పు కనబడితే మందు ఆపించి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కోవద్దనేది ఇందుకే.

రెండోది మినాక్సిడిల్, నెత్తికి రాసుకునే మందు. మొదట అది రక్తపోటుకిచ్చిన బిళ్ళ. మింగినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు మొలవడం చూసి పైపూతగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఇది హార్మోను జోలికి పోదు, వెంట్రుక పెరిగే కాలాన్ని పొడిగిస్తుంది. మొదటి వారాల్లో ఇంకాస్త ఎక్కువ రాలితే హడలిపోవద్దు, పాతవి పోయి కొత్తవి వచ్చే దశ అది. నూనె నెత్తి మీద రాయకూడదు, తల పొడిగా ఉండాలి. రాసిన చేతులు కడుక్కోవాలి. తడి ఆరకముందే పసిబిడ్డను ఎత్తుకోనివ్వకండి. తండ్రి నెత్తి మందు అంటుకుని పసిపిల్లల ఒంటి మీద వెంట్రుకలు మొలిచిన సంఘటనలున్నాయి.

రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు. దానికి ఈ మందులు కావు, చర్మవ్యాధుల డాక్టరుకు చూపించి వేరే వైద్యం చేయించాలి.