గుజ్జు అరిగిందా, క్రిస్టల్స్ చేరాయా? మోకాలి ఎక్స్-రే ఏం చెబుతుంది?

పోయిన ఏడాది ఒక రోజు పొద్దున లేచేసరికి నాన్న మోకాలు బూరెలా వాచిపోయింది. ఎర్రగా ఉంది, ముట్టుకుంటే వేడి. ఇంట్లో పాత ఎక్స్-రే ఉంది కదా, "గుజ్జు అరిగింది, అంతే" అని నేనే తేల్చేశా. రెండు రోజులు నూనె రాస్తూ కూర్చున్నాం. అది తప్పని తర్వాత తెలిసింది. నేను డాక్టర్‌ని కాదు, ఇంజనీర్‌ని. అప్పుడు నేర్చుకున్నదే చెప్తున్నా.

మొదటి విషయం, ఎక్స్-రేలో గుజ్జు కనిపించదు. ఎముకల మధ్య ఖాళీ కనిపిస్తుంది. అది తగ్గితే గుజ్జు అరిగిందని అంచనా వేస్తారు. అందుకే నిలబెట్టి తీస్తారు, బరువు పడితేనే అసలు ఖాళీ తెలుస్తుంది. ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఈ ఖాళీ ఎక్కువగా మోకాలి లోపలి వైపు తగ్గుతుంది. అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది. గుజ్జు కింది ఎముక గట్టిపడి ఇంకా తెల్లగా కనిపిస్తుంది. రిపోర్టుల్లో రాసే 0 నుంచి 4 గ్రేడ్‌లు కెల్‌గ్రెన్, లారెన్స్ 1957లో ఇచ్చినవి. గ్రేడ్ పెద్దదైతే నొప్పి కూడా అంతే ఉంటుందని కాదు.

రెండోది, కాల్షియం పైరోఫాస్ఫేట్ క్రిస్టల్స్. ఇవి గుజ్జు లోపల చేరతాయి. ఎక్స్-రేలో ఖాళీగా కనిపించాల్సిన చోట సన్నటి తెల్ల గీత పడుతుంది. రిపోర్టులో దీన్నే 'కాండ్రోకాల్సినోసిస్' అంటారు. ఆ గీత ఉన్నా చాలామందికి ఏ నొప్పీ ఉండదు.

మూడోది గౌట్, అంటే యూరేట్ క్రిస్టల్స్. మొదట్లో ఎక్స్-రే నార్మల్‌గానే ఉండొచ్చు. ఏళ్లు గడిచాక ఎముక అంచుల్లో పంచ్ మెషిన్‌తో కొట్టినట్టు గుంటలు కనిపిస్తాయి. అల్ట్రాసౌండ్‌లో అయితే ఈ క్రిస్టల్స్ గుజ్జు పైన పొరలా మెరుస్తాయి.

ఇక్కడే అసలు చిక్కు. ఒకే మోకాలిలో అరుగుదల, క్రిస్టల్స్ రెండూ ఉండొచ్చు. నాన్నకి అదే అయింది. డాక్టర్ సూదితో నీరు తీసి టెస్టుకి పంపారు. పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద పైరోఫాస్ఫేట్ క్రిస్టల్స్ కనిపించాయి. ఇన్ఫెక్షన్ లేదని కూడా ఆ నీటితోనే తేలింది. ఒకవేళ ఉండి ఉంటే, మేం పోగొట్టిన ఆ రెండు రోజుల్లో కీలే పాడైపోయేది.

అందుకే గుర్తుపెట్టుకోండి. పాత ఎక్స్-రే పాత సంగతే చెప్తుంది. ఇంట్లో ఎవరికైనా కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రగా, వేడిగా మారితే, జ్వరం లేకపోయినా, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నాలాగా నూనె సీసా వెతకొద్దు.