అమ్మకానికి లేని 300 గజాలు

మా అబ్బాయికి ఇంగ్లండులో ప్లాటు వచ్చిందని చెప్పగానే గుంటూరు నుంచి మా బావమరిది అడిగిన మొదటి మాట: ‘‘బావా, గజం ఎంత పలుకుతోంది అక్కడ?’’

పలకదు. కొనలేం, అమ్మలేం, ఇల్లు కట్టలేం. కూరగాయలు పండించుకోవాలి, అంతే. పండించకపోతే వెనక్కి తీసుకుంటారు. ‘‘మరి దానికి నాలుగేళ్లు వరసలో నిలబడ్డాడా మనవాడు?’’ అన్నాడు బావమరిది. వాడి ఉద్దేశంలో మావాడు ఎవరి చేతిలోనో మోసపోయాడు.

ఆ వరసను అక్కడ వెయిటింగ్ లిస్టు అంటారు. లండన్‌లో కొన్ని పేటల్లో అది పదేళ్లు దాటుతుంది. మావాడు ఉండేది మిడ్‌లాండ్స్‌లో ఓ మోస్తరు ఊరు కాబట్టి నాలుగేళ్లతో బయటపడ్డాడు. అప్పుడైనా దక్కింది సగం ప్లాటే. అడిగేవాళ్లు ఎక్కువై ఇప్పుడు చాలా ఊళ్లలో సగాలుగా విడదీసి ఇస్తున్నారు. అద్దె ఏడాదికి కట్టాలి. ఊరిని బట్టి మారుతుంది గానీ, నిండు ప్లాటుకైనా చాలాచోట్ల వంద పౌండ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. మున్సిపాలిటీ నేల అది. పేరు అలాట్‌మెంట్.

కొలత వినగానే నాకు నవ్వొచ్చింది. నిండు అలాట్‌మెంట్ అంటే 10 రాడ్లు. రాడ్డంటే అయిదున్నర గజాల పొడవు, మన సర్వేవాళ్ల 66 అడుగుల గొలుసులో నాలుగో వంతు. 10 చదరపు రాడ్లు కలిపితే 302.5 గజాలు. తెలంగాణ లెక్కలో సరిగ్గా రెండున్నర గుంటలు, కోస్తా లెక్కలో ఆరుంపావు సెంట్లు. ఘట్‌కేసర్ అవతల నేను పాతికేళ్ల కిందట వాయిదాల్లో కొన్న ప్లాటూ 300 గజాలే. నా ప్లాటులో ఇన్నేళ్లలో పండిందల్లా సర్కారు తుమ్మ. ఏడాదికోసారి వెళ్లి దాన్ని కొట్టించి, హద్దురాళ్లకు సున్నం వేయించి, ఎవరూ కబ్జా చేయలేదని చూసుకుని తిరిగొస్తాను. ఆ నేలను చేత్తో ముట్టుకున్న గుర్తు లేదు.

ఈ అలాట్‌మెంట్లు ఎవరో దయతలచి పంచినవి కావు. ఇంగ్లండు పల్లెల్లో ఒకప్పుడు మన బంజర్లలాంటి ఉమ్మడి నేలలు ఉండేవి. బీదవాళ్లు అక్కడ ఆవునో పందినో మేపుకునేవారు, పుల్లలు ఏరుకునేవారు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి అలాంటి నేలలకూ, ఉమ్మడి పొలాలకూ కంచెలు వేయించింది. మొత్తం 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు విస్తీర్ణంలో అయిదో వంతు కంటే ఎక్కువ. బీదవాళ్లకు మిగిలింది కూలి. ఆకలి పెరిగి గొడవలు మొదలయ్యాక, తలా ఓ చెక్క నేల కూరగాయలకు వదిలితే మంచిదన్న ఆలోచన పుట్టింది. విల్ట్‌షైర్‌లోని గ్రేట్ సోమర్‌ఫోర్డ్‌లో స్టీఫెన్ డెమైన్‌బ్రే అనే మతగురువు పూనికతో 1809లో బీదల కోసం విడిచిన తోటల్లో ఇవాళ్టికీ కూరగాయలు పండుతున్నాయి. రైతులకు మాత్రం ఇది నచ్చలేదు. సొంత మడిలో ఒళ్లు అలవగొట్టుకుని మా పొలంలోకి వచ్చి కునుకు తీస్తారని వాళ్ల బెంగ. నేల ఇచ్చిన కొన్నిచోట్ల కూడా ఆదివారం పార పట్టకూడదని షరతు పెట్టారు. వారమంతా యజమాని పొలంలో ఉండే కూలికి తీరికుండేది ఆ ఒక్క ఆదివారమే.

హక్కుగా గట్టిపడింది 1908లో. ఓటరు జాబితాలో ఉన్న ఆరుగురు కలిసి అర్జీ పెడితే స్థానిక పాలక సంస్థ పట్టించుకోక తప్పదని ఆ ఏడాది చట్టం చెప్పింది. ఆరుగురు చాలు! మన వార్డు ఆఫీసులో ఆరు వందల మంది సంతకాలు పెట్టిన అర్జీలు ఏమవుతాయో గుర్తొచ్చి, నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. 1925 చట్టం ప్రకారం, అలాట్‌మెంట్ల కోసమే సేకరించిన నేలను మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన వేరే ఉంది. ప్లాటు ఖాళీ చేయించాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు కూడా ఏప్రిల్ 6 లోపలో, సెప్టెంబరు 29 తర్వాతో ముగియాలి. అంటే పైరు నేలలో ఉన్న రోజుల్లో మనిషిని లేపకూడదు. ఈ తారీఖులు రాసినవాడెవడో గానీ ఒక్కసారైనా బంగాళాదుంప పాతి ఉంటాడు. సాగు చేయకుండా వదిలేసేవాళ్లకు మాత్రం ఈ మన్నింపు లేదు.

చట్టం కోళ్ల దాకా వెళ్లింది. 1950 నుంచి ప్లాటులో కోడిపెట్టల్ని, కుందేళ్లని పెంచుకోవచ్చు. పుంజుకు మాత్రం చోటు లేదు. మా భీమవరం వియ్యంకుడికి ఈ సంగతి నేనింకా చెప్పలేదు.

ఈ తోటలకు మహర్దశ యుద్ధాలతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే, తిండిగింజలు దిగుమతి చేసుకునే ఆ దేశానికి వణుకు పుట్టింది. ‘గెలుపు కోసం తవ్వండి’ అని ప్రభుత్వం పిలుపిచ్చింది. హైడ్ పార్కులో మళ్లు కట్టారు. లండన్ కోట కందకంలో కూరగాయలు వేశారు. ప్లాట్లు 14 లక్షలకు చేరాయి. యుద్ధం ముగిసి, 1954లో రేషన్ కూడా పోయాక జనం పారలు గోడకు ఆనించేశారు. ఇప్పుడు మిగిలినవి మూడు లక్షల పైచిలుకు.

మావాడి దగ్గరికి వెళ్తే వీసా లెక్క ప్రకారం మాకు ఆర్నెల్లు. ఏప్రిల్ మొదట్లో దిగి, అక్టోబరు మొదటి వారంలో విమానం ఎక్కాలి. పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రుల గడువూ, అక్కడి పంటకాలమూ ఇంచుమించు ఒకటే. మావాడు ప్లాటు తీసుకుంది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ‘‘నాన్నా, మీకు పొద్దుపోతుంది’’ అన్నాడు. తొలి ఏడాది వాడు ఉద్యోగం హడావిడిలో పట్టించుకోక కలుపు నడుం దాకా పెరిగితే, సాగు చేస్తారా లేదా అని హెచ్చరిక ఉత్తరం వచ్చిందట. న్యాయమే. ఉత్తరాన్ని మాత్రం మాకు చూపించలేదు, ఫ్రిజ్ వెనక నాకు దొరికింది.

అక్కడి నేలతో మాటలు కలపడానికి నెల పట్టింది. మే నెలలోనూ ఒక్కో రాత్రి మంచు పేరుకుంటుంది. అందుకే గోంగూర, తోటకూర గింజల్ని ముందు వంటింటి కిటికీలో పెరుగు డబ్బాల్లో మొలిపించి, జూన్‌లో తీసుకెళ్లి నాటాలి. కొత్తిమీరతో ఓడిపోయాం. వేసవిలో అక్కడ పగలు దాదాపు 17 గంటలు. అంత పొద్దు చూసేసరికి కొత్తిమీర నాలుగు ఆకులు వేయకముందే కాడ సాగి పూతకొచ్చేస్తుంది. మెంతికూర, పాత చుట్టంలా, ఎక్కడ వేసినా వచ్చింది. గుల్లలేని నత్తలు రాత్రికి రాత్రి బీన్స్ మొలకల్ని నున్నగా కొరికేస్తుంటే, పక్క ప్లాటాయన గిన్నెలో బీరు పోసి నేలలో పాతమన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ‘‘ఏవండీ, ఆర్నెల్లకు వచ్చి నత్తలకు తాగుడు నేర్పుతామా?’’ అంది. చివరికి మావాడే ఎవరూ చూడకుండా పోశాడు. పొద్దున్నకు గిన్నెలో పదకొండు.

ఆగస్టులో టమాటాలకు తెగులు తగిలింది. ఉక్కపోసి, రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజుకు ఆకులు ఉడికించినట్టు నల్లబడ్డాయి. 1845లో ఐర్లండు బంగాళాదుంపల్ని కుళ్లబెట్టి లక్షలమందిని చంపిన కరువు తెచ్చింది ఇదే తెగులు. మాకైతే పోయింది బుట్టెడు పచ్చడి.

పక్క ప్లాటాయన జమైకా మనిషి, డెబ్బై దాటిన బస్సు డ్రైవరు. మా తోటకూర చూసి ‘కలాలూ’ అన్నాడు. వాళ్లూ దాన్ని మనలాగే వేపుడు చేసుకుంటారు. ఎర్ర గోంగూర దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాడు. ఒక ఆకు తుంచి నమిలి, కళ్లు మూసుకుని, ‘సారెల్’ అన్నాడు. వాళ్లకు ఆకుతో పనిలేదు. పువ్వు రాలాక మిగిలే ఎర్రటి పులుపు తొడిమల్ని అల్లంతో కాచి క్రిస్మస్‌కు పానకం చేసుకుంటారు. మనం వదిలేసేది వాళ్ల పండగ. కాకపోతే ఇక్కడ అది పువ్వు దాకా రాదని, తానూ ప్రయత్నించి మానుకున్నానని, దుకాణంలో ఎండు తొడిమలు కొనుక్కుంటానని చెప్పాడు. ఆ రోజు నుంచి మా గోంగూర కోత ఆయనకు వినోదం. అసలు సరుకు రాకముందే చెట్టు దులిపేస్తున్నామని ఆయన ఫిర్యాదు.

ఇలాంటి విత్తనాలు ఒక్కో వలసతో ఒక్కోటి ఆ దేశం చేరాయి. గార్డెన్ ఆర్గానిక్ అనే సంస్థ, మిడ్‌లాండ్స్ తోటల్లో వలసవాళ్లు పండించే పంటల్ని, వాళ్ల సాగు తెలివిని నమోదు చేయడానికి ఓ పథకమే నడిపింది. మన దగ్గరేమో కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘మిద్దెతోట’ మాటను జనంలోకి తీసుకెళ్లారు. నేల కొనలేని ఊళ్లో మిద్దె మీదికి మట్టి మోసుకెళ్లడం మన దారి. మిద్దె కూడా లేని అద్దెవాళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. ఆరుగురం కలిసి అర్జీ పెట్టడానికి మనకు ఏ చట్టమూ లేదు.

చిక్కుడు సంగతి చెప్పాలి. గింజలు మా ఆవిడ సంచిలో తెచ్చింది. జూలైకల్లా తీగ వెదురు పందిరి ఎక్కి, కప్పేసి, పక్కనున్న గుడిసె మీదికీ పాకింది. కాయ కాదు కదా, ఒక్క మొగ్గ లేదు. ఎరువు తక్కువైందని ఆమె, ఎక్కువైందని నేను. అసలు కారణం పొద్దు. మన నాటు చిక్కుడు సంక్రాంతి కాయ. పగళ్లు కురచబడితే గానీ దానికి పూత బుద్ధి పుట్టదు. అక్కడ పగలు పన్నెండు గంటలకు దిగేది సెప్టెంబరు చివరికి. ఆ వెనకే మంచు కాచుక్కూర్చుంటుంది.

మేం బయలుదేరే ముందురోజు సాయంత్రం చివరిసారి వెళ్లాం. బంగాళాదుంపలు గోనెసంచుల్లోకి ఎత్తేశాం. గోంగూరను మొదలంటా కోసి, పచ్చడికని ఇంటికి తెచ్చుకున్నాం. చిక్కుడు తీగ పీకెయ్యమన్నాను. ఉండనీండి అంది మా ఆవిడ. ఆకుల సందుల్లో వేలితో వెతికి, ఒకచోట ఆగి, నన్ను పిలిచింది. మినపగింజంత మొగ్గలు.

పదిహేను రోజులకు మావాడు ఫొటో పంపాడు. మూడు పూలగుత్తులు, ఊదారంగువి, తలెత్తుకుని ఉన్నాయి. వెనకాల నీళ్ల పీపా మీద పలచగా మంచు పెచ్చు.