ట్రాక్టరు: పొలములో, గట్టుపై, రోడ్డుమీద

నేడు మన పల్లెలలో దుక్కి, దమ్ము, ధాన్యపు రవాణా, అన్నిటికిని ట్రాక్టరే ఆధారము. ఉదయము మాగాణిలో దమ్ము చేసిన బండియే సాయంకాలమునకు బస్తాలతో తారురోడ్డు ఎక్కుచున్నది. కాని పొలములో పనికివచ్చు అలవాటు రోడ్డుమీద ప్రాణము తీయవచ్చును. ఏ చోట ఏ పద్ధతి పాటించవలెనో ఎరిగినవాడే మంచి డ్రైవరు.

ఏమరుపాటు ఎంత నష్టము తెచ్చునో 2018వ సంవత్సరములో మనము చూచితిమి. ఆ ఏడు ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లాలో కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది స్త్రీలు మరణించిరి. జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మూసీ కాలువలో మరొక ట్రాక్టరు పడి పదిహేనుమంది చనిపోయిరి. వారిలోను అత్యధికులు స్త్రీలే. వీరందరు పొలము పనికి బయలుదేరినవారు.

ట్రాలీ మనుషులకు కాదు

ట్రాలీ సరుకు మోయుటకు చేసినది. అందు కూర్చుండుటకు సీటు లేదు, పట్టుకొనుటకు ఆధారము లేదు. నీటిలో బోల్తాపడినచో తొట్టి మూతవలె మీద పడును. లోపలివారికి ఈత వచ్చినను బయటపడు దారి ఉండదు. ట్రాలీలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగిననాడు బీమా పరిహారమునకు కూడ చిక్కులు వచ్చును.

"రోజూ పోవు దారియే కదా" అని కొందరు రైతులు అందురు. గట్టు విరుగుటకు ఒక్కరోజు చాలును. కూలీలకు వేరే బండి కుదుర్చుటకు అగు ఖర్చును కూలి ఖర్చులో భాగముగనే లెక్కవేసికొనవలెను. మడ్‌గార్డుపై పిల్లలను కూర్చుండబెట్టుట ముద్దుకు కూడ చేయరాదు. ట్రాక్టరుపై సీటు ఒక్కటే, మనిషి ఒక్కడే.

గట్టుమీద నడుపునప్పుడు

కాలువ గట్టు పైకి గట్టిగా కనబడినను వానలకు, నీటి ఊటకు లోపల మెత్తబడి యుండును. కాలువ ఎంత లోతో, గట్టు అంచునుండి కనీసము అంత దూరము విడిచి నడుపవలెను. అంత వెడల్పు లేని గట్టుపై నిండు ట్రాలీని తీసికొనిపోరాదు. ఎదురుగా బండి వచ్చినప్పుడు అంచువైపు ఒరుగక, వెడల్పైన చోట ముందుగనే ఆగి దారి ఇయ్యవలెను. గడ్డి పెరిగి అంచు కనబడని మలుపులలో గ్రామాధికారులు సున్నము పూసిన రాళ్లు పాతించి, గండ్లు పడినచో నీటిపారుదల శాఖకు వెంటనే తెలుపవలెను.

బ్రేకులు, వేగము

ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్లు ఉండును. సాలు చివర మళ్లుటకు ఒక్క పెడలు నొక్కుట సుళువు. రోడ్డుమీద వేగముగా పోవునప్పుడు అట్లే ఒక్కటి నొక్కినచో బండి ఆ పక్కకు తిరిగి బోల్తాపడును. అందుచే పొలము దాటకముందే రెండు పెడళ్లను కొండితో కలిపి బిగించవలెను.

వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిమ్మట ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. మలుపులో బండిని పక్కకు పడద్రోయు బలము కూడ అట్లే పెరుగును. పల్లమునకు దిగునప్పుడు నిండు ట్రాలీ ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. అప్పుడు న్యూట్రలులో దొర్లనీయరాదు. మెరక ఎక్కుటకు ఏ గేరు వేయుదుమో, దిగుటకును ఆ గేరే వేయవలెను.

బురదలో దిగబడినచో

దమ్ములో చక్రములు దిగబడినప్పుడు చక్రమునకు దుంగ కట్టి ముందుకు లాగించుట అనేకచోట్ల కలదు. ఇది మిక్కిలి ప్రమాదకరము. వెనుక చక్రములు తిరుగలేనప్పుడు ఇంజను బలము బండి ముందుభాగమును పైకెత్తును. రెప్పపాటులో ట్రాక్టరు వెనుకకు తిరుగబడి డ్రైవరుపై పడును. చక్రముల ముందు, వెనుక బురద తవ్వి మెల్లగా రివర్సులో బయటికి తీయుట మేలు. కానిచో మరొక ట్రాక్టరుతో లాగించవలెను. ఏ బరువునైనను డ్రాబారుకే తగిలించవలెను. ఇరుసుకన్న ఎత్తున కట్టరాదు.

సీటు వెనుక బిగించు బలమైన ఇనుప కమాను, బండి బోల్తాపడినను డ్రైవరును కాపాడును. స్వీడన్ దేశమున 1959లో కొత్త ట్రాక్టర్లకు ఇట్టి రక్షణను తప్పనిసరి చేసిన పిమ్మట బోల్తా మరణములు బాగుగా తగ్గినవి. కమాను ఉన్నచో బెల్టు కూడ పెట్టుకొనవలెను. ఎండకు వేయు రేకు పందిరి దీనికి సాటి కాదు.

పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. పంచె కొంగో, చీర చెరగో చిక్కినచో విడిపించుకొను వ్యవధి ఉండదు. దానిపై తొడుగు తీయరాదు. ఇంజను ఆపక దగ్గరకు పోరాదు.

రాత్రివేళ

గడ్డిమోపులతో వెడల్పైన ట్రాలీ చీకటిలో వెనుక వచ్చువారికి కనబడదు. వెనుక ఎర్రదీపము, రెండు పక్కల మెరుపు పట్టీలు ఉండవలెను. టైరు చెడి ఆగినప్పుడు అడ్డుపెట్టిన రాళ్లను పోవునప్పుడు తప్పక తీసివేయవలెను. దమ్ము చక్రములతో తారురోడ్డు ఎక్కరాదు.

బయలుదేరుటకు ముందు

ప్రతి ఉదయము బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపియుండగా నూనె మట్టము చూడవలెను. రేడియేటరులో నీరు చూచుటయు చల్లగా ఉన్నప్పుడే. వేడిమీద మూత తీసినచో ఆవిరి ముఖమునకు కొట్టును. దుమ్ములో పని చేసిననాడు ఎయిర్ క్లీనరును తప్పక శుభ్రపరచవలెను. ధూళి లోనికి పోయినచో ఇంజను త్వరగా అరిగిపోవును. టైర్లలో గాలి సాధారణముగా చదరపు అంగుళమునకు ముందు 25 నుండి 30 పౌన్లు, వెనుక 12 నుండి 15 పౌన్లు ఉండును. బండితో ఇచ్చిన పుస్తకములో వేరుగా చెప్పినచో దానినే పాటించవలెను. చక్రపు నట్లు, ట్రాలీ కొక్కెపు పిన్ను, బ్రేకులు చూచిన పిమ్మటనే కదలవలెను. ఇందుకు పది నిమిషములు చాలును.

లైసెన్సు లేనివానికి, పదునెనిమిది ఏండ్లు నిండని కుర్రవానికి, త్రాగినవానికి తాళము ఇయ్యరాదు. నడుపుట, బాగుచేయుట నేర్వగోరు యువకులు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ పొందవచ్చును.

నాట్లు, కోతలు తరుముకొని వచ్చునప్పుడు తొందర సహజమే. కాని ఆలస్యమైన నాటును మరునాడు వేసికొనవచ్చును. కూలికి పోయిన తల్లి ఇల్లు చేరవలెను గదా! ఈ వానకారు పనులు మొదలు కాకముందే ప్రతి గ్రామములోని ట్రాక్టరు యజమానులు ఒకచోట కూడి, మా ట్రాలీలో మనిషిని ఎక్కించము అని కట్టుబాటు చేసికొందురుగాక.