పర్వల్ సాగు: తీగ ఎంపిక, పరాగసంపర్కం

పరిచయం

పెరట్లో దొండపాదు పెట్టడం మనకు బాగా అలవాటైన పని. పొరుగింటి నుంచి ఒక తీగముక్క తెచ్చి నాటితే చాలు, కాయలు కోసుకుంటాం. రైల్వే ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ వచ్చి, మలంచాలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఇదే అలవాటుతో ఒక పర్వల్ తీగముక్కను నాటిందనుకుందాం. దీనినే బెంగాలీలు పొటోల్ అంటారు. తీగ పందిరంతా అల్లుకుంది, తెల్లని పువ్వులు పూసింది. కాని ఒక్క కాయ కూడా నిలవలేదు. లోపం ఎరువులో ఉందా, నీటిలో ఉందా? రెండింటిలోనూ లేదు. ఈ పాఠంలో అసలు కారణాన్ని, దాని నివారణను తెలుసుకుందాం.

1. మొక్క స్వభావం

పర్వల్ కుకుర్బిటేసి కుటుంబానికి చెందిన తీగ. దీని శాస్త్రీయ నామం ట్రైకోశాంథిస్ డయోయికా. మన పొట్ల కూడా ఈ ప్రజాతికి చెందినదే. అయితే పొట్ల ఏకవార్షికం. ఒకే తీగపై మగపువ్వులు, ఆడపువ్వులు పూస్తాయి. పర్వల్ బహువార్షికం, మగపువ్వులు ఒక మొక్కపై, ఆడపువ్వులు వేరొక మొక్కపై పూస్తాయి. ఇటువంటి మొక్కలను ఏకలింగాశ్రయులు అంటారు.

దొండ కూడా ఏకలింగాశ్రయే. కాని దొండ ఆడతీగ, పరాగసంపర్కం లేకపోయినా కాయలు కాయగలదు. పర్వల్‌కు పుప్పొడి తప్పనిసరి. అది అందని ఆడపువ్వు కొద్ది రోజులలో పసుపుబారి రాలిపోతుంది. మనం చెప్పుకున్న కుటుంబం నాటినది మగతీగ అయితే కాయ ఎన్నటికీ రాదు. ఆడతీగ అయితే దానికి మగతోడు కావాలి.

2. ఆడ, మగ తీగలను గుర్తించడం

పూత రాకముందు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పువ్వు అడుగుభాగాన్ని గమనించండి. చిన్న కాయలాంటి ఉబ్బు ఉంటే అది అండాశయం, అది ఆడపువ్వు. ఉబ్బు లేకుండా సన్నని గొట్టం మాత్రమే ఉంటే మగపువ్వు. కనుక పూత సమయంలోనే తీగలకు గుర్తులు కట్టుకోవాలి.

3. నాటడం

విత్తనాలు సరిగా మొలకెత్తవు. మొలిచినవాటిలో కూడా సుమారు సగం మగమొక్కలే అవుతాయి. అందువల్ల శాకీయ వ్యాప్తినే అనుసరిస్తారు. తల్లితీగ ఆడదైతే దాని ముక్కలన్నీ ఆడవే.

* అక్టోబరు, నవంబరు నెలల్లో, ఏడాది ముదిరిన తీగ నుంచి మీటరుకు పైగా పొడవున్న ముక్క తీసుకోవాలి.
* దానిని 8 అంకె ఆకారంలో చుట్టి, గుంటలో పరిచి, 3 నుంచి 5 సెంటీమీటర్ల మట్టి కప్పాలి.
* గుంటల మధ్య సుమారు 2 మీటర్ల దూరం ఉంచాలి.
* ప్రతి 9 ఆడతీగలకు 1 మగతీగ నాటాలి. పెరట్లో రెండు మూడు ఆడతీగలే ఉన్నా ఒక మగతీగ ఉండాలి.

ఖరగ్‌పూర్ ప్రాంతంలో ఎర్రమొరం నేల ఎక్కువ. అక్కడ గుంట పెద్దదిగా తవ్వి, ఇసుక కలిసిన మెత్తని మట్టి, చివికిన పశువుల ఎరువు నింపాలి. పర్వల్ నీటి నిల్వను తట్టుకోలేదు. వానకాలంలో మొదళ్ళ వద్ద మట్టి ఎగదోయాలి. నేలను తాకే కాయలు కుళ్ళుతాయి కాబట్టి పందిరి వేయాలి.

4. చేతితో పరాగసంపర్కం

తెల్లవారుజామున తాజా మగపువ్వును కోసి, రేకులు తీసివేయండి. పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు కీలాగ్రానికి మృదువుగా తాకించండి. ఒక మగపువ్వు అనేక ఆడపువ్వులకు సరిపోతుంది.

5. కోత, మరుసటి ఏటి పంట

వేసవి ఆరంభం నుంచి వానకాలం చివరి వరకు కాయలు వస్తాయి. గింజ ముదరకముందే కోయాలి. చలికాలంలో తీగ పెరుగుదల ఆగిపోతుంది. తీగ చచ్చిపోయిందని పీకివేయకండి. నేలకు జానెడు ఎత్తున కోసి, ఎరువు వేస్తే వేసవికి మళ్ళీ చిగురిస్తుంది. ఈ విధంగా మూడు, నాలుగేళ్ళు పంట తీయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దొండ, పర్వల్ రెండూ ఏకలింగాశ్రయులే. ఒంటరి ఆడ పర్వల్ తీగ ఎందుకు కాయదు?
2. 40 గుంటల తోటలో ఎన్ని మగతీగలు నాటాలి?
3. మీ పొరుగింటివారి తీగ పూస్తున్నది, కాయడం లేదు. మీరు ముందుగా ఏమి పరిశీలిస్తారు?