పక్షుల కుడి ఎడమలు

తూర్పు కనుమల పాదాన, వేగావతి నది ఒడ్డున వెలసిన పట్టణం సాలూరు. 2022 ఏప్రిల్ వరకు విజయనగరం జిల్లాలో ఉండి, అటుపిమ్మట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఆ చుట్టుపట్ల కొండవాలు పల్లెలలో నాటుకోళ్ల సందడి లేని వీధి అరుదు. పెట్ట తన పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలో తిరుగుతుంది. పిల్లలు మట్టిని కెలికి గింజలు ఏరుకుంటాయి. ఇంతలో ఆకాశంలో గద్ద కనిపిస్తుంది. పెట్ట తల ఒకవైపుకు ఒరగదీసి, ఒంటి కంటితో పైకి చూస్తుంది. హెచ్చరికగా ఒక కూత కూస్తుంది. మరుక్షణంలో పిల్లలన్నీ తల్లి రెక్కల కిందికో, పొద కిందికో చేరిపోతాయి. ఈ దృశ్యం తెలుగు పల్లెలలో పెరిగినవారందరికీ పరిచితమే. కాని పెట్ట ఏ కంటితో ఆకాశాన్ని పరికించిందో గమనించినవారు తక్కువ. ఎక్కువ సందర్భాలలో అది ఎడమ కన్ను. నేలమీద గింజను రాతి నుంచి వేరుచేసి ఏరేటప్పుడు మాత్రం కుడి కన్నుదే పెత్తనం.

మానవుడు అనాదిగా పక్షుల కుడి ఎడమలను పట్టించుకుంటూనే ఉన్నాడు. అయితే అది పక్షి కోసం కాదు, తన కోసం. ప్రయాణానికి బయలుదేరినప్పుడు పక్షి ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో చూసి, పని అవుతుందో కాదో నిర్ణయించుకోవడం మన పల్లెలలో పాత అలవాటు. ప్రాచీన గ్రీకులకూ, రోమన్లకూ ఈ నమ్మకం ఉండేది. విచిత్రమేమంటే, శకునం చూసే గ్రీకులు ఉత్తరముఖంగా నిలిచి కుడివైపు పక్షిని శుభమన్నారు. రోమన్లు దక్షిణముఖంగా నిలిచి ఎడమవైపు పక్షిని శుభమన్నారు. ఇద్దరికీ శుభదిక్కు తూర్పే. పక్షి మారలేదు, మనిషి నిలిచిన తీరు మారింది. పక్షికి తనదైన కుడి ఎడమలు ఉన్నాయనీ, అవి దాని ప్రాణరక్షణకు సంబంధించినవనీ శాస్త్రజ్ఞులు గ్రహించడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చింది.

ఈ విషయం బోధపడాలంటే ముందుగా పక్షి కంటిని గురించి కొంత తెలుసుకోవాలి. మనిషి కళ్లు రెండూ ముఖానికి ముందువైపున ఉంటాయి. రెండూ దాదాపు ఒకే దృశ్యాన్ని చూస్తాయి. కోడి, పావురం, పిచ్చుక వంటి పక్షుల కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. అందువలన ఒక కంటికి కనిపించే లోకం వేరు, రెండవ కంటికి కనిపించే లోకం వేరు. పైగా పక్షులలో కంటి నరాలు దాదాపు పూర్తిగా అటువి ఇటు, ఇటువి అటు దాటిపోతాయి. కుడి కంటి సమాచారం ఎడమ మెదడుకు, ఎడమ కంటి సమాచారం కుడి మెదడుకు చేరుతుంది. మన మెదడులో రెండు సగాలనూ కలిపే పెద్ద నరాలవంతెన ఒకటి ఉంది. పక్షులకు అది లేదు. కనుక పక్షి ఒక వస్తువును ఏ కంటితో చూసిందన్నది చిన్న విషయం కాదు. మెదడులో ఏ సగం ఆ వస్తువును గురించి ఆలోచిస్తున్నదో దానివలన తెలుస్తుంది.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ 1970లలో కోడిపిల్లలపై పరిశోధనలు ప్రారంభించారు. ఆమె అనుసరించిన పద్ధతి చాలా సరళమైనది. నేలకు చిన్న చిన్న గులకరాళ్లను అతికించి, వాటి నడుమ గింజలు చల్లేవారు. కోడిపిల్లకు ఒక కన్ను కప్పి అక్కడ విడిచేవారు. ఎడమ కన్ను కప్పిన పిల్ల, అనగా కుడి కంటితో మాత్రమే చూస్తున్న పిల్ల, కొద్దిసేపటిలోనే గింజకూ రాతికీ భేదం తెలుసుకొని గింజలనే ఏరుకొనేది. కుడి కన్ను కప్పిన పిల్ల మాత్రం రాళ్లను పొడుస్తూనే ఉండేది. అంతమాత్రాన ఎడమ కన్ను పనికిమాలినదని కాదు. కొత్త వస్తువు ఎదురైనప్పుడు, శత్రువు పైనుంచి వచ్చినప్పుడు, తోటి పిల్లను గుర్తుపట్టవలసివచ్చినప్పుడు ఎడమ కన్నే ముందుంటుంది. ఒకటి వంటింటిని చూసుకుంటే మరొకటి వీధివాకిట కాపలా ఉన్నట్లు ఆ రెండూ పని పంచుకున్నాయి.

ఈ పంపకం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు దొరికిన సమాధానం మరింత ఆశ్చర్యకరమైనది. అది గుడ్డులోనే మొదలవుతుంది. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. చివరి రోజులలో పిండం తల ఒక పక్కకు తిరిగి ఉంటుంది. ఎడమ కన్ను శరీరానికి అదుముకొని మూసుకుపోతుంది. కుడి కన్ను పెంకు వైపు ఉంటుంది. గుడ్డుపెంకు పూర్తిగా చీకటి గోడ కాదు. సన్నని వెలుగు దానిగుండా లోపలికి ప్రవేశిస్తుంది. పొదుగుడు పెట్ట రోజులో కొద్దిసేపు మేతకు లేస్తుంది. అప్పుడు గంపలోని గుడ్లపై పడిన వెలుగు కుడి కంటిని తాకుతుంది. ఎడమ కన్ను చీకటిలోనే ఉండిపోతుంది. ఈ చిన్న తేడాయే మెదడులోని రెండు సగాలను వేర్వేరు పనులకు సిద్ధం చేస్తుంది. ఇందుకు కొద్ది గంటల వెలుగు చాలునని రోజర్స్ 1982లో ప్రకటించిన ఫలితాలు తెలిపాయి. తరువాత ఆమె పిండం తలను జాగ్రత్తగా పెంకు వెలుపలికి తీసి, కుడి కంటిని కప్పి, ఎడమ కంటికి వెలుగు తగిలేటట్లు చేసి చూశారు. పుట్టిన పిల్లలలో పనుల పంపకం తారుమారయింది. అయితే కుడి ఎడమల భేదమంతా వెలుగు వలననే కలుగుతుందని అనుకోరాదు. చీకటిలో పొదిగిన పిల్లలలో సైతం కొన్ని భేదాలు నిలిచే ఉంటాయి. వెలుగు నిర్ణయించేది ముఖ్యంగా ఈ గింజ ఏరే విద్యను.

పావురాలలోనూ ఇటువంటిదే కనిపించింది. జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయంలో ఒనుర్ గుంటుర్‌కున్ అనేక సంవత్సరాలుగా వాటిపై పనిచేశారు. గింజను గులకనుంచి వేరు చేయడంలో పావురానికీ కుడి కన్నే మేలైనదని ఆయన బృందం చూపింది.

ఇంతకూ ఈ పంపకం వలన పక్షికి ఒరిగేదేమిటి? 2004లో రోజర్స్, ఇటలీ శాస్త్రవేత్త జార్జియో వల్లోర్టిగారా, వారి సహచరుడు కలిసి చేసిన ప్రయోగం దీనికి సూటిగా జవాబు చెప్పింది. కొన్ని గుడ్లను వెలుగు తగిలేటట్లు, మరికొన్నింటిని పూర్తి చీకటిలో పొదిగించారు. పుట్టిన పిల్లలను రాళ్ల నడుమ గింజలు ఏరుకోవడానికి విడిచి, అదే సమయంలో పైన గద్ద ఆకారపు బొమ్మను కదిలించారు. వెలుగు తగిలిన పిల్లలు రెండు పనులనూ చక్కబెట్టుకున్నాయి: నేలను చూస్తూ గింజలు ఏరుకున్నాయి, బొమ్మను కూడా త్వరగా పసిగట్టాయి. చీకటిలో పుట్టిన పిల్లలు తబ్బిబ్బుపడ్డాయి. గద్దను చూడబోతే గింజ తప్పింది, గింజను చూడబోతే గద్దను గమనించడం ఆలస్యమయింది. సమయం గడిచేకొద్దీ అవి రాళ్లను పొడవడం ఎక్కువయింది. గద్ద లేనిచోట ఈ లోపం ఎవరికీ కనిపించదు. గద్ద ఉన్నచోట అది ప్రాణం మీదికి తెస్తుంది. పెరటిలోని కోడిపిల్లకు ఆకలీ భయమూ వంతులవారీగా రావు. రెండూ ఒక్కసారే వస్తాయి.

కోళ్ల పరిశ్రమకు సైతం ఇది పట్టవలసిన విషయమే. గుడ్లను పొదిగించే యంత్రాలలో సాధారణంగా చీకటి ఉంటుంది. గంపలో తల్లి కింద పొదిగిన పిల్లకు సహజంగా అందే వెలుగు, యంత్రంలో పుట్టిన పిల్లకు అందదు. వెలుగులో పొదిగించిన పిల్లలలో బెదురు తక్కువగా ఉంటుందని కొన్ని పరిశోధనలు సూచించాయి. గంపలో గుడ్లు పెట్టి పొదిగించే గృహిణికి ఈ శాస్త్రం తెలియకపోవచ్చు. కాని ఆమె పద్ధతిలో ఆ మేలు దానంతట అదే సమకూరుతున్నది.

ఇక్కడ మరొక చిక్కు ఎదురవుతుంది. ప్రతి పక్షీ తన మెదడులో పని పంచుకుంటే సరిపోతుంది కదా. దాదాపు అన్నీ ఒకే వైపుకు పంచుకోవడమెందుకు? అన్ని కోళ్లూ ఎడమ కంటితోనే బాగా కాపలా కాస్తే, కుడివైపు నుంచి వచ్చే శత్రువుకు అది సందు కాదా? నిజమే, అది నష్టమే. ఆ నష్టాన్ని మించిన లాభమేదో ఉండాలి.

దీనిని తెలుసుకోవడానికి సాలూరు లారీల వైపు ఒకసారి చూడవచ్చు. లారీలకు పేరుపొందిన పట్టణమది. అక్కడినుంచి సుంకి మీదుగా కొరాపుట్ వైపు ఎక్కే ఘాట్ రోడ్డు మెలికలలో ఎదురు వచ్చే బండి చివరి క్షణం వరకు కనబడదు. అక్కడ డ్రైవరును కాపాడేది ఎడమవైపున నడపాలన్న నియమం. ఎడమలో ప్రత్యేకమైన మహిమ ఏదీ లేదు. అనేక దేశాలలో కుడివైపున నడుపుతారు, అక్కడా బండ్లు క్షేమంగానే పోతాయి. అందరూ ఒకే వైపును పాటించడంలోనే రక్ష ఉన్నది. గుంపులుగా బ్రతికే ప్రాణులలో కూడా ఇటువంటి ఒప్పందమే ఏర్పడి ఉండవచ్చునని వల్లోర్టిగారా, స్టెఫానో గిర్లాండా 2004లో గణితం ద్వారా చూపారు. శత్రువు వచ్చినప్పుడు గుంపంతా ఒకే వైపు మళ్లితే ఒక్కొక్కదానికి అపాయం తగ్గుతుంది. అంతకు చాలా ముందే, 1989లో, వెలుగు తగిలిన కోడిపిల్లల గుంపులలో పెద్ద చిన్న వరుస మరింత స్థిరంగా నిలుస్తున్నదని రోజర్స్ గమనించి ఉన్నారు.

ఆ గణితంలోనే మరో సంగతి దాగి ఉంది. గుంపుకు ఎదురువైపు మళ్లే కొద్దిపాటి ప్రాణులు కూడా నశించిపోవు. శత్రువు ఎదురుచూడని వైపు కదలడం వలన వాటికి వేరే లాభం ఉంటుంది. ఆ లాభం అవి తక్కువ సంఖ్యలో ఉన్నంతకాలమే. మనుషులలో నూటికి సుమారు 10 మంది ఎడమచేతివాటం వారు ఉండటానికి కూడా ఇటువంటి కారణమే ఉండవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు భావిస్తారు. పుర్రచేయి అని పిల్లలను గద్దించి, పలక కుడిచేతి వైపుకు మార్పించిన పెద్దలకు ఈ లెక్క తెలియదు.

కోడి కంటి విషయమై పరిశోధన జరగకముందే చిలుక కాలి విషయం లోకానికి తెలుసు. చిలుక ఒంటికాలిపై నిలిచి, రెండవ కాలితో పండును పట్టుకొని తింటుంది. ఏ కాలితో పట్టుకుంటుందన్న ప్రశ్న పాతది. 1938లో ఫ్రీడ్‌మన్, డేవిస్ అనేవారు అనేక చిలుకలను పరిశీలించి, వాటిలో అధికభాగం ఎడమకాలివాటం కలవని ప్రకటించారు. ఆస్ట్రేలియాలో మరియా మగత్, కల్లం బ్రౌన్ 2011లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని కంటితో ముడిపెట్టింది. చిలుక మొదట ఒక కంటితో వస్తువును పరిశీలిస్తుంది. తరువాత అదే వైపు కాలిని చాపుతుంది. కాలివాటం వెనుక ఉన్నది కంటివాటమే. పెద్ద తెల్ల కాకతువ్వలు దాదాపు అన్నీ ఎడమకాలివి. వాటి పిల్లలు తొలిరోజులలో రెండు కాళ్లతోనూ ప్రయత్నించి, పెరిగేకొద్దీ ఎడమకు స్థిరపడతాయి. గడ్డిగింజలను ముక్కుతోనే ఒలుచుకొనే చిన్న చిలుకలకు కాలితో పట్టవలసిన అవసరమే లేదు. వాటిలో ఈ వాటమూ కనబడదు. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటించబడిన రామచిలుక మామిడితోటలలో అందరికీ కనిపించేదే. అది కాయను ఏ కాలితో పట్టుకుంటున్నదో ఒక కాగితంపై గీతలు పెట్టుకుంటూ లెక్కించడానికి పరికరాలు అక్కరలేదు. ఓపిక ఉంటే చాలు.

పక్షి శరీరం లోపల కూడా ఈ అసమానత ఉంది. కోడిపెట్టకు అండాశయం ఒక్కటే పని చేస్తుంది, అది ఎడమవైపుది. కుడివైపుది ఎదగకుండానే కుంచించుకుపోతుంది. చాలా పక్షులలో ఇంతే. కివి పక్షిలోను, కొన్ని డేగజాతులలోను రెండూ ఉంటాయి. కానరీ పిట్ట పాటలో అధికభాగం గొంతులోని ఎడమవైపు నుంచే వెలువడుతుందని ఫెర్నాండో నొట్టెబోమ్ 1970లలో కనుగొన్నారు.

ముక్కే ఒక పక్కకు తిరిగిన పక్షులు మాత్రం ఎక్కువ లేవు. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ఉల్లంకికి ముక్కు కుడివైపుకు వంగి ఉంటుంది. దానితో అది ఏటిరాళ్ల కింది పురుగులను లాగుతుంది. ఇటువంటిదే, ఇంతగా ప్రసిద్ధికెక్కనిది, ఉత్తరాంధ్రలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన, ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి గ్రామానికి ఏటా వానల ప్రారంభంలో వందలాది కొంగలు వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కడతాయి. గ్రామస్థులు వాటికి హాని జరగనివ్వరు. సైబీరియా పక్షులని వాడుక ఉన్నా, ఇవి దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాలను విడిచి పోని జాతి. రెండు ముక్కుల నడుమ ఎప్పుడూ సందు ఉండటం వలన పక్షిశాస్త్రజ్ఞులు వీటికి ఓపెన్‌బిల్ అని పేరు పెట్టారు. వీటి ఆహారం ముఖ్యంగా చెరువులలోని, వరిమడులలోని నత్తలు.

ఆ సందు దేనికన్నది చాలాకాలం వివాదంగా నిలిచింది. 1836లో మద్రాసు చేరి, గంజాం ప్రాంతంలో వైద్యుడిగా పనిచేస్తూ తూర్పు కనుమల పక్షులను పరిశీలించడం మొదలుపెట్టిన జెర్డన్, ఈ కొంగ కళ్లు కప్పినా నత్తను పట్టి తినగలదని నమోదు చేశారు. నీటి అడుగున జరిగే పని కనుక అది ఎట్లా చేస్తున్నదో ఎవరికీ కనబడలేదు. అడకత్తెరలో పోకచెక్క వలె నత్తగుల్లను ఆ సందులో పెట్టి పగలగొడుతుందని జూలియన్ హక్స్‌లీ ఊహించారు. వినడానికి ఇంపైన ఊహ, కాని సరికాదు. కొంగ విడిచిపోయిన గుల్లలు పగలకుండా ఉంటాయి. ముక్కులో సందు ఇంకా ఏర్పడని పిల్లలు కూడా నత్తలను తినగలవు. 1970ల నాటికి ఫిలిప్ కాల్ వంటివారి పరిశీలనల వలన అసలు పద్ధతి తేలింది. పైముక్కు కొనతో గుల్లను నేలకు అదిమిపెట్టి, కిందిముక్కు కొనను గుల్ల మూత పక్కనుంచి లోపలికి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని కోస్తుంది. మెత్తని మాంసం ముద్దగా బయటికి వస్తుంది.

ఆ కిందిముక్కు కొన నిటారుగా ఉండదు; తరచుగా కుడివైపుకు ఒరిగి ఉంటుంది. మన చెరువుల నత్తగుల్లల సుడి కూడా సాధారణంగా కుడివైపుకే తిరిగి ఉంటుంది.